మైసీనే కోట చూడబోతున్నారా? ఎక్కడెక్కడ ఆగాలో తెలుసుకుని వెళ్ళండి

గ్రీస్‌లో మైసీనే కొండ ఎక్కి దిగినవాళ్ళు చాలామంది ఒకటే మాట అంటారు: "అక్కడేముంది, అన్నీ రాళ్ళే." మొదటిసారి నేనూ అదే అనుకుంటూ దిగాను. జూలై నెల, మిట్టమధ్యాహ్నం. టూర్ బస్సు వాళ్ళు మాకిచ్చింది గంట కూడా కాదు. ఫోటోలు తీసుకున్నాం, చెమటలు తుడుచుకున్నాం, బస్సెక్కేశాం. రెండోసారి ఏప్రిల్‌లో, ఎవరూ తొందరపెట్టకుండా వెళ్ళాను. అప్పుడు అదే కొండ మీద గుమ్మం, సమాధులు, రాజు కొలువు, నీళ్ళ కోసం తవ్విన చీకటి మెట్లు ఒక్కొక్కటీ కనిపించాయి. రాళ్ళు అవే. ఎక్కడ ఆగాలి, ఎటు తిరిగి చూడాలి అన్నది మాత్రం ఈసారి తెలిసింది. మీకు మొదటిసారే అది తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో మైసీనే అంటారు కానీ గ్రీకులు "మికీనెస్" అంటారు. బస్సు దగ్గర, దారి అడిగేటప్పుడు ఈ పేరే వాడండి. ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్‌లో ట్రాయ్ నగరం మీదికి గ్రీకు సేనలను నడిపించిన అగమెమ్నాన్ రాజుది ఈ ఊరే. 1999 నుంచి, పక్కనే ఉన్న టిరిన్స్ కోటతో కలిపి, ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది.

మొదటి పని: ఏథెన్స్ మ్యూజియం చూడండి

కొండకు వెళ్ళే ముందు రోజు ఏథెన్స్‌లోని నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియానికి వెళ్ళండి. ఇది మానేయొద్దు. కోటలో దొరికిన బంగారమంతా దాదాపు ఇక్కడే ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఉన్న పెద్ద గదే మైసీనే గది. "అగమెమ్నాన్ ముసుగు" అని పేరుపడిన బంగారు ముఖం అందులోనే ఉంటుంది. అందరూ దాని చుట్టూనే మూగుతారు. మీరూ చూడండి. కానీ అదే గదిలో ఉన్న ఒక పెద్ద మట్టి పాత్రను మాత్రం వదలొద్దు. దాని పేరు వారియర్ వేజ్.

దాని మీద సైనికులు వరసగా నడుస్తుంటారు. కొమ్ముల శిరస్త్రాణాలు, డాళ్ళు, భుజాల మీద ఈటెలు. ఈటెలకు చిన్న చిన్న మూటలు కట్టి ఉంటాయి. అవి దారిబత్తెం సంచులని పండితులు అంటారు. మన మాటలో సద్దిమూటలే. వరసకు ఎడమ చివర ఒక ఆడమనిషి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటుంది, వెళ్ళిపోతున్నవాళ్ళను సాగనంపుతున్నట్టు. ఆ పాత్ర మీద నేను గడిపినంతసేపు బంగారం మీద గడపలేదు. రేపు కొండ మీద ఆ పాత్ర దొరికిన ఇంటి గోడల పక్కనే నడుస్తారు. ఈ బొమ్మ కళ్ళలో ఉంటే ఆ గోడలు వట్టి గోడల్లా అనిపించవు.

రెండో పని: ప్రయాణం, వేళ

ఏథెన్స్ నుంచి మైసీనే సుమారు 120 కిలోమీటర్లు. పెలొపొనీస్ ద్వీపకల్పంలో, ఆర్గోలిస్ ప్రాంతంలో ఉంది. రైలు లేదు. బస్సయితే ఏథెన్స్‌లోని కిఫిస్సోస్ బస్ స్టేషన్ నుంచి ఆర్గోస్ మీదుగా నాఫ్లియో వెళ్ళే కేటెల్ (ఊళ్ళ మధ్య బస్సులు నడిపే గ్రీకు సంస్థ) బస్సెక్కి ఫిక్తి అనే చిన్న ఊరి దగ్గర దిగాలి. దాదాపు రెండు గంటల ప్రయాణం. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి మికీనెస్ వెళ్ళాలని చెప్పండి, లేకపోతే ఆ స్టాపు దాటిపోతుంది. అక్కడి నుంచి కోటకు మూడు, నాలుగు కిలోమీటర్లుంటుంది. టాక్సీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని అనుకోవద్దు. చల్లటి కాలంలో అయితే నారింజ, ఆలివ్ తోటల మధ్య నడిచి వెళ్ళొచ్చు. ఎండాకాలంలో ఆ పని చేయొద్దు.

కుటుంబంతో వెళ్తే కారు అద్దెకు తీసుకోవడమే మేలు. ఇండియా లైసెన్సు మీద నడిపేవాళ్ళు బయలుదేరే ముందే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది లేకుండా దిగితే కారు తాళం చేతికి రాదు, ప్లానంతా తలకిందులవుతుంది.

ఒక రాత్రి నాఫ్లియోలో ఉండగలిగితే ఇంకా బాగుంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న అందమైన పాత ఊరు, కోట నుంచి పాతిక కిలోమీటర్ల లోపే.

ఇక వేళ. మార్చి నుంచి మే దాకా, మళ్ళీ అక్టోబరులో, వాతావరణం హాయిగా ఉంటుంది. ఏప్రిల్‌లో గోడల సందుల్లో ఎర్రటి గసగసాల పూలు పూసి ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో తప్పనిసరైతే పొద్దున్నే గేటు తీసే సమయానికి అక్కడ ఉండండి. కొండ మీద నీడ అన్నది లేదు. వేడి మరీ మించిన రోజుల్లో గ్రీస్‌లోని పురాతన స్థలాలను మధ్యాహ్నం కొన్ని గంటలు మూసిన సందర్భాలున్నాయి. 2020 ఆగస్టులో కార్చిచ్చు ఈ శిథిలాల దాకా వచ్చింది. ఎండిన గడ్డి ఎంత త్వరగా అంటుకుంటుందో అక్కడివాళ్ళకు బాగా తెలుసు. సిగరెట్టు అలవాటున్నవాళ్ళు లోపల ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

శీతాకాలంలో మధ్యాహ్నానికే మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. జనవరి 1, మార్చి 25, మే 1, గ్రీకుల ఈస్టర్ ఆదివారం, డిసెంబరు 25, 26 తేదీల్లో సెలవు. వాళ్ళ ఈస్టర్ తేదీ మన క్యాలెండర్లలో చూపించే ఈస్టర్‌తో ప్రతి ఏడాదీ కలవదు, అది విడిగా చూసుకోండి. టికెట్ ధరలు, వేళలు మారుతుంటాయి. గ్రీస్ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ ఈ-టికెట్ సైటులో వెళ్ళే వారం ముందు చూసుకుని అక్కడే కొనేయొచ్చు. ఒకే టికెట్ మీద కోట, కొండ వాలులో ఉన్న చిన్న మ్యూజియం, కింద ఉన్న పెద్ద సమాధి మూడూ చూడొచ్చు. చివరిదాకా టికెట్ పారేయకండి.

కాళ్ళకు పట్టున్న బూట్లు వేసుకోండి. లక్షల మంది నడిచి నడిచి రాళ్ళు నున్నగా అద్దంలా అయిపోయాయి. చెప్పులతో వెళ్తే దిగేటప్పుడు జారతాయి. టోపీ, మనిషికి ఒకటిన్నర లీటరు నీళ్ళు, ఫోన్‌లో చార్జింగ్. అంతే చాలు.

మూడో పని: గుమ్మం ముందు పది నిమిషాలు నిలబడండి

టికెట్ చూపించి పైకి నడుస్తుంటే దారి రెండు గోడల మధ్యకి ఇరుకవుతుంది. ఎదురుగా సింహద్వారం. ఇక్కడ అందరూ ఫోటో తీసుకుని లోపలికి వెళ్ళిపోతారు. మీరు వెళ్ళొద్దు.

ముందు మీ కుడివైపు చూడండి. గోడ ఒక బురుజులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో సైనికుడు డాలు ఎడమ చేత్తో, ఈటె కుడి చేత్తో పట్టుకునేవాడు. శత్రువు ఈ ఇరుకులోకి వస్తే, డాలు అడ్డంలేని కుడి పక్క సరిగ్గా ఈ బురుజు కింద పడుతుంది. పైనున్న కావలివాళ్ళు అక్కడి నుంచే కొట్టేవాళ్ళు. ఒక్క క్షణం మీ కుడి భుజం వైపు పైకి చూస్తే కట్టినవాడి ఆలోచన ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

తర్వాత గోడ రాళ్ళు. ఒక్కొక్కటీ ఎంతుందో చేత్తో కాదు, కళ్ళతో కొలవండి. తర్వాతి కాలపు గ్రీకులు ఇవి మనుషులు మోసిన రాళ్ళని నమ్మలేకపోయారు. ఒంటికన్ను రాక్షసులైన సైక్లోప్‌లు కట్టారన్నారు. అందుకే ఈ రకం కట్టడానికి ఇప్పటికీ సైక్లోపియన్ గోడ అనే పేరు. మన ఊళ్ళ చివర పొలాల్లో పెద్ద బండలతో కట్టిన ఆదిమకాలపు సమాధులను మనవాళ్ళు రాక్షసగుళ్ళు అన్నారు కదా. ఎక్కడివాళ్ళకైనా అంత బరువు కనిపిస్తే తోచేది రాక్షసులే.

ఇప్పుడు గుమ్మం. క్రీ.పూ. 1250 ప్రాంతంలో కట్టారు. గడప, రెండు నిలువు రాళ్ళు, పైన అడ్డరాయి, మొత్తం నాలుగు రాళ్ళు. ఎత్తు, వెడల్పు దాదాపు మూడేసి మీటర్లు. పైన అడ్డంగా ఉన్న రాయి ఒక్కటే 20 టన్నుల దాకా ఉంటుంది. దాని మీద మళ్ళీ గోడ బరువు పడితే నడుమ విరిగిపోతుంది. అందుకని కట్టేవాళ్ళు పైన రాళ్ళను రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పేర్చి, మధ్యలో త్రికోణం ఆకారంలో ఖాళీ వదిలారు. గోడ బరువు ఆ ఖాళీకి అటూ ఇటూ జారి నిలువు రాళ్ళ మీదికి పోతుంది. ఆ ఖాళీని మూయడానికి పెట్టిన పలచటి పలక మీదే సింహాల శిల్పం చెక్కారు. బరువు మోయాల్సిన పనిలేని చోటు కాబట్టి అక్కడ శిల్పికి స్వేచ్ఛ దొరికింది. నాకు ఈ కొండ మీద అన్నిటికంటే నచ్చింది ఇదే.

రెండు సింహాలు ముందు కాళ్ళు పీఠం మీద ఆనించి, మధ్యలో ఒక స్తంభానికి అటూ ఇటూ నిలబడి ఉంటాయి. తలలు లేవు. వాటిని విడిగా చేసి అతికించారు, ఎప్పుడో పోయాయి. వచ్చేవాళ్ళ వైపు తిరిగి చూస్తున్నట్టు ఉండేవని అంటారు. ఆడ సింహాలని చాలామంది అభిప్రాయం. ఆ స్తంభాన్ని జాగ్రత్తగా చూడండి. పైకి వెళ్ళేకొద్దీ లావవుతుంది, కింద సన్నం.

ఒక చిట్కా: ఈ గుమ్మం వాయవ్యం వైపు తిరిగి ఉంది. పొద్దున శిల్పం నీడలో ఉంటుంది. మధ్యాహ్నం దాటి ఎండ పక్కవాటుగా పడ్డప్పుడు సింహాల కండరాలు, కాళ్ళ మీద గీతలు పైకి తేలతాయి. పొద్దున్నే వచ్చినవాళ్ళు ఫోటో సరిగా రాలేదని బాధపడొద్దు, తప్పు కెమెరాది కాదు.

లోపలికి అడుగుపెడుతూ కిందికి చూడండి. గడప రాయి అరిగిపోయి ఉంటుంది. పై రాతిలో, గడపలో తలుపు తిరగడానికి తొలిచిన గుంతలు ఉన్నాయి. రెండు చెక్క తలుపులు వాటిలో తిరిగేవి. గడప తొక్కకూడదని చిన్నప్పుడు నేర్చుకున్నది గుర్తొచ్చి నేను దాటే అడుగుపెట్టాను.

నాలుగో పని: కుడివైపు సమాధుల వలయం

గుమ్మం దాటగానే కుడివైపు పడిపోయిన ఒక కట్టడం. అందులో మాడి బొగ్గయిన ధాన్యం దొరికింది కాబట్టి దానికి గాదె అని పేరుపెట్టారు. దాని పక్కనే నిలువు పలకల గుండ్రటి కంచె కనిపిస్తుంది. దీన్ని సమాధుల వలయం ఏ అంటారు. అడ్డంగా కొలిస్తే దాదాపు 28 మీటర్లు.

జర్మన్ వ్యాపారి హైన్రిష్ ష్లీమాన్ 1876లో ఇక్కడ తవ్వాడు. హోమర్ రాసిందంతా నిజమని గుండెల నిండా నమ్మినవాడు. లోతైన ఐదు గోతుల్లో బంగారంతో కప్పిన శవాలు దొరికాయి. గ్రీకు ప్రభుత్వం తరఫున ఆయన పనిని కనిపెట్టుకుని ఉన్న పనాగియోతిస్ స్టమటాకిస్ ఆ తర్వాత ఆరోది బయటపెట్టాడు. మొత్తం పందొమ్మిది మంది, అందులో ఇద్దరు పసిపిల్లలు. నిన్న ఏథెన్స్‌లో మీరు చూసిన బంగారు ముఖం ష్లీమాన్ తవ్విన గోతుల్లో ఒకదానిలోదే. ష్లీమాన్ అది అగమెమ్నాన్ అనుకున్నాడు. కానీ ఆ సమాధులు క్రీ.పూ. 16వ శతాబ్దం నాటివి, ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి దాదాపు మూడొందల ఏళ్ళ ముందువి.

ఇక్కడ పైనున్న దారి మీద, వలయం మొత్తం ఒకేసారి కనిపించే చోట ఆగండి. ఒక సంగతి గమనించండి. ఈ సమాధులు మొదట కోట గోడకు బయట ఉండేవి. మూడొందల ఏళ్ళ తర్వాత గోడను పెంచినప్పుడు, వీటిని వదిలేయకుండా గోడను చుట్టూ తిప్పి లోపలికి తెచ్చుకున్నారు. నేల ఎత్తు పెంచి, చుట్టూ ఈ కొత్త పలకల కంచె కట్టారు. తమ పూర్వీకులని నమ్మి, గుమ్మం దాటగానే మొదట వాళ్ళే కనబడాలని అనుకున్నట్టుంది. ఇది తెలిశాక ఈ గుండ్రటి కంచె నా కంటికి ఒక కుటుంబం చేసిన పనిలా కనిపించింది.

వలయానికి దక్షిణంగా కనిపించే పునాదుల్లోనే వారియర్ వేజ్ దొరికింది. సద్దిమూటల సైనికులను ఇక్కడ ఒక్కసారి తలుచుకోండి.

ఐదో పని: రాజు కొలువు దాకా ఎక్కడం

అక్కడి నుంచి వాలుదారి వంపులు తిరుగుతూ పైకి పోతుంది. పెద్దవాళ్ళుంటే మెల్లగా, ఆగుతూ ఎక్కించండి. కొండ ఎత్తు సముద్రమట్టానికి 280 మీటర్ల లోపే, ఎక్కాల్సింది అందులో కొంచెమే. ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు, ఎండ.

పైన మెగరాన్, అంటే రాజు కొలువుతీరే చావడి. ముందు వసారా, తర్వాత చిన్న గది, ఆ తర్వాత పెద్ద హాలు. నేల మీద మిగిలింది తక్కువ. హాలు మధ్యలో గుండ్రటి పెద్ద పొయ్యి, దాని చుట్టూ పైకప్పును మోసిన నాలుగు స్తంభాల గుర్తులు. దక్షిణం వైపు భాగం చావోస్ లోయలోకి జారిపోయింది, ఇప్పుడున్నది తిరిగి కట్టినది. పొయ్యి ఉన్న వైపు మొహం పెట్టి, ఆ స్తంభాలను మనసులో నిలబెట్టండి. పొగ, నూనె దీపాలు, సున్నం గోడల మీద రంగు బొమ్మలు. ఈ రాజులు లీనియర్ బీ అనే లిపిలో మట్టి పలకల మీద లెక్కలు రాయించారు. అది గ్రీకు భాషేనని 1952లో మైకేల్ వెంట్రిస్ తేల్చాడు. అందులో రాజును "వనాక్స్" అంటారు. ఆ వనాక్స్ కూర్చున్న చోటు ఇది.

ఇప్పుడు వెనక్కి తిరగండి. ఆర్గోస్ మైదానమంతా కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. తోటలు, దూరాన ఆర్గోస్ కొండ, తేటగా ఉన్న రోజున సముద్రం. రెండు కొండల మధ్య ఒదిగిన ఈ చిన్న గుట్టను ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడ నిలబడితే చెప్పనక్కర్లేదు. దారిన వచ్చే ఎవరైనా ఈ చావడికి కనిపించకుండా పోలేరు. కనీసం పావుగంట ఇక్కడ కూర్చోండి.

ఆరో పని: చీకటి మెట్లు, దొడ్డిగుమ్మం

చాలామంది కొలువు నుంచే వెనక్కి తిరిగిపోతారు. మీరు తూర్పు కొసకు నడవండి. కోట చివరి రోజుల్లో, క్రీ.పూ. 13వ శతాబ్దం ముగుస్తుండగా, ఈ కొసన గోడను ఇంకొంచెం పొడిగించారు. ఎందుకో అక్కడికి వెళ్తే తెలుస్తుంది: నీళ్ళ కోసం.

గోడలో ఒక మొనదేలిన ద్వారం, లోపలికి మెట్లు. మలుపులు తిరుగుతూ సుమారు 18 మీటర్ల లోతుకు, గోడ కిందుగా బయటికి దిగుతాయి. కొండ మీది ఊట నీటిని మట్టి గొట్టాల్లో తెచ్చి అడుగున నింపేవాళ్ళు. శత్రువు చుట్టుముట్టినా నీళ్ళకు బయటికి రానక్కర్లేని దిగుడుబావి అన్నమాట. అడుగుదాకా పంపకపోవచ్చు, అక్కడ ఎంతవరకు తెరిచి ఉంటే అంతవరకే వెళ్ళండి. మెట్లు తడిగా, అరిగి ఉంటాయి. పిల్లల చెయ్యి వదలొద్దు. ఫోన్ లైటు వేసుకుని మొదటి మలుపు దగ్గర ఒక నిమిషం ఆగండి. బయటి ఎండ, చిమ్మటల రొద రెండూ ఒక్కసారిగా ఆగిపోతాయి. భయంతో తవ్విన మెట్లివి. క్రీ.పూ. 1200 ప్రాంతంలో కోట తగలబడింది. ఆ తర్వాతా మనుషులు ఇక్కడ బతికారు గానీ ఆ రాజరికం మళ్ళీ లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరం గోడ వెంట నడవండి. అక్కడ చిన్న గుమ్మం ఒకటుంది. సింహాల్లేవు, ఆడంబరం లేదు. ఇది కోట దొడ్డిగుమ్మం.

ఏడో పని: మ్యూజియం, ఆ తర్వాత ఆట్రియస్ సమాధి

కొండ దిగితే ఉత్తరం వాలులో చిన్న మ్యూజియం. చల్లగా ఉంటుంది, ఎండ దెబ్బకు అలిసినవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. బంగారం నకళ్ళ కంటే కోటలోని పూజాస్థలంలో దొరికిన మట్టి బొమ్మల దగ్గర ఆగండి. చేతులు పైకెత్తిన వింత ముఖాల బొమ్మలు, పక్కన చుట్టలు చుట్టుకున్న మట్టి పాములు. పుట్టలో పాలు పోసే ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ పాముల ముందు కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.

చివరగా, రోడ్డు మీదుగా సుమారు అర కిలోమీటరు కిందికి, ఆట్రియస్ ఖజానా. ఆట్రియస్ అంటే అగమెమ్నాన్ తండ్రి. పేరు ఖజానా గానీ అది సమాధి. కొన్ని టూర్ బస్సులు ఇక్కడ ఆగవు, అడిగి ఆపించుకోండి. 36 మీటర్ల పొడవున రెండు రాతి గోడల మధ్య దారి, చివర ఎత్తైన గుమ్మం. గుమ్మం మీద లోపలివైపున్న రాయి 120 టన్నులు ఉంటుందని అంచనా. సింహద్వారం మీది రాయికి ఆరింతలు. ఇక్కడా దాని పైన అదే త్రికోణపు ఖాళీ. పొద్దున నేర్చుకున్నదాన్ని ఇప్పుడు మీరే పక్కవాళ్ళకు చెప్పగలరు.

లోపల గుమ్మటం. 14.5 మీటర్ల వెడల్పు, 13 మీటర్లకు పైగా ఎత్తు. రాతి వరసలు ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ పైన కలిసిపోతాయి. సిమెంటు లేదు, సున్నం లేదు. సరిగ్గా మధ్యలో నిలబడి మెల్లగా ఒక మాట అనండి. మీ గొంతు మీ తల చుట్టూ తిరిగి మీ దగ్గరికే వస్తుంది. నేను వెళ్ళిన సాయంత్రం గుమ్మంలోంచి వెలుగు ఒక పలకలా లోపలి నేల మీద పడి ఉంది, పైన ఎక్కడో రాళ్ళ సందులో తేనెటీగలు రొద పెడుతున్నాయి. ఎవరూ లేరు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా ఉండండి, అప్పుడే వరసలు ఒక్కొక్కటీ పైదాకా కనిపిస్తాయి.

ఆకలేస్తే మికీనెస్ ఊళ్ళో రోడ్డు పక్కనే భోజనశాలలున్నాయి. మాంసం తిననివాళ్ళు "గెమిస్తా" అడగండి, టమాటా, క్యాప్సికంలలో అన్నం కూరి వండుతారు. కొన్నిచోట్ల అందులోనూ మాంసం కలుపుతారు కాబట్టి ముందే అడగాలి. "గిగాంతెస్" అంటే పెద్ద బీన్స్ కూర. దాంతో రొట్టె, గడ్డ పెరుగు తీసుకుంటే మన కడుపుకు సరిపోతుంది. సాయంత్రం ఇంకా వెలుగుంటే, నాఫ్లియో వెళ్ళే దారిలోనే టిరిన్స్ కోట తగులుతుంది, గోడలు మైసీనే కంటే లావు.